పరదేశీ చుట్టాలకు పచ్చని పందిరి

ఆదిలాబాద్ అడవుల్లోకి పోయి వచ్చానని తెలియగానే మా కాలేజీ స్టాఫ్ రూములో అందరూ ఒకటే అడిగారు, పులి కనబడిందా అని. కనబడలేదు. నెమలి కూడా కనబడలేదు, అరుపు మాత్రం వినబడింది. పులి కోసం ఈ కథనం తెరిచినవాళ్ళు ఇక్కడే మూసేయవచ్చు, నాకేమీ కోపం లేదు. నేను చూసి వచ్చింది ఒక పందిరిని. దాని కింద కూర్చుని కడుపునిండా తిన్నాను. ఆ తిండి నాకింకా అరగలేదు.

హుజూరాబాద్

నేను హుజూరాబాద్‌లో ఇంటర్ పిల్లలకు ఇంగ్లీషు చెబుతాను. అడవికీ నాకూ ఉన్న సంబంధం మా ఇంట్లో టేకు మంచం వరకే. నన్ను ఈ ప్రయాణంలోకి లాగినవాడు రాజేశం. మా వారికి చిన్ననాటి దోస్తు. ఉట్నూరు వైపు గోండు గూడేల్లో చెట్లు పెంచే ఒక సంస్థలో పనిచేస్తాడు. మార్చి నెలలో ఒకరోజు పొద్దున్నే చెమటలు కక్కుతూ వచ్చి వాకిట్లోనే కూలబడ్డాడు.

"వదినా, జర మీరే ఆదుకోవాలె. పై దేశం నుంచి ఇద్దరు వస్తుండ్రు. ఇంగ్లీషు తెలుగు చెప్పెటందుకు హైదరాబాదు నుంచి రావాల్సినాయనకు జరమొచ్చింది. మీరు రాకుంటె నా కత ఖతం."

"ఎందుకు వస్తుండ్రు వాళ్ళు?" అన్నాను.

"వాళ్ళ దేశంల కరెంటు తయారు చేసే కాడ పొగ మస్తు లేస్తదట. గా పొగ ఆకాశంల పేరుకపోయి భూమి వేడెక్కుతున్నదట. దేశాలన్ని ఒక్కకాడ కూసోని మాట్లాడుకున్నయి. వాళ్ళ పొగకు బదులు మన దగ్గర చెట్లు పెంచుతున్నరు. చెట్టు పొగ తాగుతది. వాళ్ళ తప్పు కొంచెం తగ్గుతది, మనోళ్ళకు పని దొరుకుతది."

"చెట్లు పెంచుతున్నరు గదా, మళ్ళ వచ్చుడెందుకు?"

"ఉన్నయా, లేవా చూసి పోతందుకు." రాజేశం గొంతు తగ్గించాడు. "మర్కగూడ అని ఒక ఊరున్నది వదినా. గుట్ట మీద అడవి నరికి, కాలవెట్టి, జొన్నలేసుకునేటోళ్ళు. పోడు అంటరు. మేం చెప్తె మూడేండ్ల సంది బంద్ పెట్టిండ్రు. గా జాగంత జామాయిల్ చెట్లకిచ్చిండ్రు. బదులుగ వాగు మీద కట్ట కట్టిస్తమని మాటిచ్చినం. కట్టొస్తె కింద చెలకలకు నీళ్ళు. వీళ్ళు చూసి సరే అంటెనే కట్ట. లేదంటె..." అని ఆగి, "ఛ, గా మాట పొద్దుపొద్దున అననే వద్దు," అన్నాడు.

ఊరి అసలు పేరు మర్కగూడ కాదు. మార్చి రాస్తున్నాను. ఆ ఊరివాళ్ళు చాలినంత పడ్డారు, ఇంకా నా రాతల్లో కూడా పడటం ఎందుకు.

మా వారు, "పో, ఏం ఫికర్ చెయ్యకు. పిల్లలకు నేను వండి పెడ్త," అన్నారు. ఆయన వంట సంగతి పదహారేళ్ళుగా తెలిసిన మనిషిని కాబట్టి డబ్బానిండా సర్వపిండి చేసి పెట్టాను. సగం పిల్లలకు వదిలి, సగం సంచిలో వేసుకుని బయలుదేరాను.

కరీంనగర్

వచ్చిన ఇద్దరిలో పెద్దావిడ పేరు హెల్గా. మా అమ్మ వయసుంటుంది. తెల్లజుట్టు చెవుల దాకా కత్తిరించుకుని, నలిగిన నూలు గౌను వేసుకుని, నాకంటే ముందు తనే నమస్కారం పెట్టింది. చెట్ల గురించే చదివిందట, చెట్ల గురించే చెప్పిందట, పెళ్ళి చేసుకోవడం మర్చిపోయిందట. రెండో అతను యాన్. ముప్పై దాటి ఉండవు. జీపులో కూర్చోవాలంటే అతన్ని మడత మంచంలా మూడు మడతలు పెట్టాల్సి వచ్చింది. చెట్లను లెక్కపెట్టడం, ఫోటోలు తీయడం అతని పని. వాళ్ళది ఉత్తరాన ఎక్కడో చిన్న చలిదేశం. ఏడాదిలో సగం రోజులు పొయ్యి ఆర్పకుండా బతకాలట.

జీపు నడిపేది ఖాజా భాయి. బండి కదలగానే వెనక నల్లటి పొగ లేచింది. యాన్ వెనక్కి తిరిగి దాన్నే చూస్తున్నాడు. ఖాజా భాయి అద్దంలో గమనించి, "పరేషాన్ కావొద్దని చెప్పుండ్రి మేడం. ఎక్కుడు వచ్చినప్పుడే గట్ల లేస్తది," అన్నాడు. ఎక్కుడు కరీంనగర్ బస్టాండు దగ్గరే మొదలై నిర్మల్ దాకా ఎక్కడా దిగినట్టు లేదు.

మెట్‌పల్లి వైపు ఊళ్ళలో రంగులేసిన కొత్త మేడలు చూసి హెల్గా ఆశ్చర్యపోయింది. ఈ ఎండిన పొలాల నడుమ ఇంత డబ్బెక్కడిదని అడిగింది. ఇంటికొకరు గల్ఫులో ఉన్నారని చెప్పాను. మా చిన్న తమ్ముడు కూడా అక్కడే, నూనె తోడే కంపెనీలో సామాన్ల గదికి కాపలా.

"ఆ నూనె మా దేశానికే వస్తుంది," అంది హెల్గా.

"అయితే మీ పొగలో మా తమ్ముడి చెయ్యి కూడా ఉందన్నమాట," అన్నాను. ఆవిడ గట్టిగా నవ్వింది.

ఖాజా భాయికి ఆ నవ్వేమిటో చెప్పాను. వాళ్ళెందుకు వచ్చారో కూడా చెప్పాను. అతను రెండు మలుపులు ఆలోచించి, "గంత దూరం నుంచి వచ్చి మన దగ్గర చెట్లు పెట్టేకంటె వాళ్ళ పొయ్యిలే జర సన్నగ పెట్టుకోరాదా?" అన్నాడు. అనువదించాను. యాన్ దానికి చాలా పొడుగ్గా జవాబు చెప్పాడు. అందులో సమావేశాలున్నాయి, ఉపసంఘాలున్నాయి, ఒక దేశం ఒప్పుకుంటే మరో దేశం ఒప్పుకోకపోవడాలున్నాయి. అంతా విన్న ఖాజా భాయి, "అంటె పెట్టుకోరన్నట్టు," అని హారన్ కొట్టాడు.

నిర్మల్

సోన్ వంతెన మీద జీపు ఆపించాను. గోదావరిని చూపించి గొప్పలు పోదామనుకుంటే నది కాస్తా ఒక పక్కకు సన్నగా ఒరిగి ఉంది. మిగిలిందంతా ఇసుక, ఆ ఇసుకలో పుచ్చకాయల తీగలు. పంట దగ్గరే ఉన్న ముసలాయన, కాయ మూడు రూపాయలంటే నేను రెండన్నాను. ఇద్దరం అలిసిపోయేంత బేరమాడుకుని రెండున్నర దగ్గర ఆగాం. హెల్గా ఈ బేరాన్ని పక్కన నిలబడి ఆటలా చూసింది. "ఆయన కోపంగా ఉన్నాడా?" అని అడిగింది. ఏం కోపం, బేరమాడకుండా అడిగినంతా ఇచ్చేస్తే అప్పుడొచ్చేది ఆయనకు కోపం అన్నాను.

నిర్మల్‌లో బొమ్మలు చేసేవాళ్ళ వీధికి వెళ్ళాం. కొయ్యతో చేసిన మామిడిపండును హెల్గా ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూసింది. దుకాణం ఆయన అలవాటే అన్నట్టు నవ్వాడు. ఏ కొయ్యతో చేస్తారని యాన్ అడిగాడు.

"పొనికి కట్టె. తేలికగ ఉంటది. గిప్పుడు దొరుకుడే కష్టమైంది సార్. మా బాపు ఉన్నప్పుడు పొద్దున పోయి మాపటికి తెచ్చెటోడు. గిప్పుడు ఎంత లోపటికి పోయినా లేదు."

యాన్ చేతిలో ఉన్న బొమ్మల పెట్టెను కొనాలా వద్దా అని తేల్చుకోలేక నిలబడ్డాడు. కొంటే చెట్టు పోతుంది, కొనకపోతే ఈ మనిషి పోతాడు. చివరికి హెల్గానే కొని ఎవరి మొహమూ చూడకుండా సంచిలో వేసుకుంది. వాళ్ళ దేశంలో మంచి మనసున్నవాళ్ళు ఏ పని చేసినా ఇలాగే ముందు బాధపడి తర్వాత చేస్తారు కాబోలని అప్పుడు అనుకున్నాను. మనవైపు ముందు చేసి తర్వాత బాధపడతాం.

ఘాట్ ఎక్కి

మర్నాడు ఘాట్ ఎక్కాక అడవి మొదలైంది. పచ్చదనం ఊహించుకుని వెళ్ళినదాన్ని, బిత్తరపోయాను. మార్చిలో టేకు ఆకు మొత్తం రాల్చేస్తుందని నాకెవరూ చెప్పలేదు. ఎటు చూసినా బూడిదరంగు కొమ్మలే. కింద ఎండుటాకులు పెళపెళలాడుతున్నాయి. ఇప్పచెట్లకు కూడా ఆకులేదు, పువ్వు మాత్రం విరగబూసింది. లేత పసుపు పూలు తెల్లారేసరికి నేల మీద రాలి ఉంటే ఆడవాళ్ళు వంగి గంపల్లోకి ఏరుకుంటున్నారు. ఆ వాసన తియ్యగా, కొంచెం మత్తుగా ఉంటుంది. ఖాజా భాయి ముక్కు మూసుకున్నాడు. "ఇంటికాడ నేను తాగొచ్చిన అనుకుంటరు," అన్నాడు.

ఉట్నూరులో రూపాయికి చిన్న గ్లాసుడు టీ, పాలకంటే చక్కెరే ఎక్కువ. హోటలంటే తడిక వేసిన పాక. జొన్నరొట్టె, పుంటికూర, ఎర్ర మిరపకాయల తొక్కు. మా వైపు జొన్నరొట్టె పల్చగా చేస్తారు, ఇక్కడ అరచేతి మందం. యాన్ తొక్కును టమాటా అనుకుని చెంచాడు నోట్లో వేసుకున్నాడు. తర్వాత కాసేపు అతనితో ఎవరం మాట్లాడలేకపోయాం. నా సర్వపిండి తిని తేరుకున్నాడు. అప్పుడు తెలిసిందేమిటంటే అతను మాంసం తినడు. జంతువుల నుంచి వచ్చేదేదీ ముట్టడు.

రాజేశం మొహం పాలిపోయింది. "వదినా, ఊళ్ళె మేకను కోస్తుండ్రు," అన్నాడు.

"కోయనియ్యి. మిగిలినోళ్ళం తింటం గదా."

"నేనే చెప్పిన వాళ్ళకు, మర్యాదల ఏం కమ్మి కావొద్దని. గిరిజనులంటె పద్ధతి తెల్వదనుకుంటరు, మీ పద్ధతి చూపెట్టుండ్రి అన్న."

ఆ మాటలో అంత ప్రమాదం ఉందని రాజేశానికి అప్పటికి తెలియదు. నాకూ తెలియదు. అతను మమ్మల్ని తీసుకురావడానికి అయిదారు రోజుల ముందే ఊరు వదిలి వచ్చాడు.

పందిరి

మర్కగూడలో మమ్మల్ని ముందు ఆపింది ఆడవాళ్ళు. ఊరి మొదట్లోనే పీటలు వేసి, ఇత్తడి చెంబులతో మా కాళ్ళు కడిగారు. హెల్గా పాదాలు కడిగిన ముసలామె వాటిని కొంగుతో తుడిచి, చలిదేశపు తెల్లటి వేళ్ళను ఒక్కొక్కటీ ఆశ్చర్యంగా చూసింది. అందరూ రెండు చేతులూ ఎత్తి, "రామ్ రామ్" అన్నారు. హుజూరాబాద్‌లో మా ఇంటికి ఎవరొచ్చినా మంచినీళ్ళిచ్చి ఫ్యాను వేస్తాం, అంతే. మా తాతల కాలంలో కాళ్ళకు నీళ్ళిచ్చేవారట, ఇప్పుడు చెప్పుకోవడానికే మిగిలింది.

ముందుకొచ్చిన మనిషి జంగు పటేల్, ఊరి పెద్ద. తెల్ల ధోవతి, తెల్ల తలపాగా, వెండి తీగెల్లాంటి మీసాలు. నన్ను మరాఠీ పద్ధతిలో "బాయి" అని పిలిచాడు. చుట్టాలను వాళ్ళు "పావునె" అంటారు. ఆ రోజంతా ఆ మాట ఎన్నిసార్లు విన్నానో లెక్కలేదు.

పటేల్ ఇంటి ముందు పెద్ద పందిరి. ఊరు ఊరంతా కూర్చోవచ్చు. దారి పొడవునా ఆకులేని అడవిని చూసిన కళ్ళకు ఆ పందిరి పచ్చదనం ఎంత హాయిగా ఉందంటే, చెప్పులు విడిచి కింద కూర్చోగానే ప్రాణం లేచొచ్చింది. నిటారుగా, సన్నగా ఉన్న గుంజలు. పైన దట్టంగా కప్పిన కొమ్మలు, పొడుగాటి ఆకులు. డోలు వాయించారు, తూతకొమ్ము ఊదారు. పూల దండలు వేశారు. హెల్గా కళ్ళు తుడుచుకుంది.

అప్పుడు నాకు వాసన వచ్చింది. జలుబు చేస్తే మా అమ్మ రుమాలు మీద చుక్క వేసి ఇచ్చే మందు వాసన. తలెత్తి చూశాను. జామాయిల్ కొమ్మలు. నా పక్కన కూర్చున్న రాజేశం అప్పటికే తలెత్తి ఉన్నాడు. నోరు తెరిచే ఉంది.

"రాజేశం, ఇవి..." అన్నాను.

"మాట్లాడకుండ్రి వదినా," అన్నాడు.

విస్తళ్ళు వేశారు. జొన్నరవ్వతో వండిన గట్క, కందిపప్పు, మేక కూర. యాన్‌కు గట్క, పప్పు వడ్డించి, చుట్టం కూర ముట్టలేదని ఆడవాళ్ళు నొచ్చుకున్నారు. నేను తిన్నాను. ఏం తింటున్నానో తెలియకుండానే తిన్నాను. ఎదురుగా హెల్గా వేలికంటిన పప్పు నాకుతూ, పైకి చూసి, "ఈ అందమైన ఆకులేమిటో అడుగుతావా?" అంది. చెట్ల కోసమే బతికిన మనిషి ఆమె. చూడగానే గుర్తుపట్టే ఉంటుంది. తను అనుకున్నది కాకూడదనే అడిగిందని నాకు అనిపించింది.

అడిగాను. ఇంకేం చేయను?

జంగు పటేల్ మొహం వెలిగిపోయింది. ఈ ప్రశ్న కోసమే కాచుకున్నట్టు లేచి నిలబడ్డాడు.

"మీ చెట్లే బాయి! మూడేండ్లాయె, ఒక్క మేకను ముట్టనియ్యలే. ఎండకాలం కావడి మోసి నీళ్ళు పోసినం. పావునె వస్తుండ్రు అంటె పచ్చని పందిరి ఎయ్యాలె గదా? అడివిల గీ దినాలల్ల ఆకెక్కడిది? ఇప్పచెట్టును మేం కొట్టం, అది అవ్వ లెక్క. వాగు కాడి నేరేడుచెట్లు దేవునివి. ఇగ పచ్చగ ఉన్నయి గవొక్కటే. మంచి మంచియి చూసి, ముందు వరుస మొత్తం మీ కోసమే కొట్టినం. ఎండు కొమ్మల కింద చుట్టాన్ని కూసోపెడ్తమా?"

ఒక్క ముక్క వదలకుండా ఇంగ్లీషులో చెప్పాను. నా జీవితంలో అంత మంచి అనువాదం చేయలేదు, అంత చేదు అనువాదం కూడా చేయలేదు. హెల్గా చెయ్యి విస్తరి మీదే ఆగిపోయింది. యాన్ లేచి, కెమెరా తీసుకుని, గుట్ట వైపు నడిచాడు.

దండుగ

చెట్ల దగ్గరికి అందరం వెళ్ళాం. ముందు వరుస లేదు. తెల్లటి మోళ్ళు మిగిలాయి, జిగురు ఇంకా తడిగా ఉంది. వెనక మిగిలిన చెట్లు బ్రహ్మాండంగా ఉన్నాయి. పటేల్ వాటినే చూపిస్తూ, ఎంత ఎత్తు పెరిగాయో చూడమని మురిసిపోతున్నాడు. యాన్ మోళ్ళను లెక్కపెట్టి ఫోటోలు తీశాడు. ఆ అంకె అనువదించమని అతను అడగలేదు, ఎన్నని నేనూ అడగలేదు.

"వాన పడితే ఈ మోళ్ళు మళ్ళీ చిగురిస్తాయి, ఒకదానికి రెండు," అంది హెల్గా నాతో. "నాకు తెలుసు. యాన్‌కు తెలుసు. కానీ షరతు ఏమిటంటే, ఈ మూడేళ్ళలో ఒక్క చెట్టు కూడా కొట్టి ఉండకూడదు."

"పందిరి కోసం కొట్టారు. మీ కోసం కొట్టారు!" అన్నాను. గొంతు లేచింది.

"అదే నేను మా వాళ్ళకు ఎలా చెప్పను? మా దేశంలో ఈ డబ్బు ఇవ్వొద్దనేవాళ్ళే ఎక్కువ. పొగ తగ్గించడం వాళ్ళకిష్టం లేదు, బయట చెట్లు పెంచడం కూడా ఇష్టం లేదు. ఒక సాకు దొరికితే చాలని కూర్చున్నారు. ఈ ఫోటో వాళ్ళకు పండుగ."

"ఫోటో చూపించకండి."

ఆవిడ యాన్ వైపు చూసింది. అతను తల వంచుకున్నాడు. చూపించకపోతే ఇకమీదట ఏ దేశంలో ఏ చెట్టు ఉందని చెప్పినా తమ మాట ఎవరూ నమ్మరన్నాడు. అతను దుర్మార్గుడు కాదు. అదే నాకు ఎక్కువ బాధ. దుర్మార్గుడైతే తిట్టిపోసి ఇంటికొచ్చేదాన్ని.

ఇక కట్ట రాదన్న సంగతి పటేల్‌కు చెప్పాల్సిన పని నా మీద పడింది. రాజేశం అప్పటికే ఒక మోడు పక్కన తల పట్టుకుని కూర్చున్నాడు. చెప్పాను. ఆయన మొదట నమ్మలేదు. మళ్ళీ చెప్పాను. ఆయన తమ్ముడు సోము మా పక్కనే గొడ్డలి మీద చేతులు పెట్టి నిలబడ్డాడు. పోడు మానొద్దని మూడేళ్ళ కిందట అన్నతో పోట్లాడినవాడు అతనేనట. అన్ననే చూస్తున్నాడు.

పటేల్ తలపాగా తీసి చేతిలో పట్టుకున్నాడు.

"తప్పయింది. తెల్వక చేసినం. దండుగ చెప్పుమనుండ్రి బాయి."

వాళ్ళలో ఎవరు తప్పు చేసినా నలుగురు పెద్దమనుషులు కూర్చుని దండుగ వేస్తారట. మేకో, జొన్నలో, ఏది అయితే అది. కట్టాక అందరూ కలిసి తింటారు. అంతటితో ఆ తప్పు పోయినట్టే, మళ్ళీ ఎవరూ దాని ఊసు ఎత్తకూడదు. పటేల్ అడిగేది అదే. ఒక చెట్టుకు పది పెట్టమంటే పది పెడతాం, వందంటే వంద, ఏదో ఒకటి చెప్పండి, చెప్పి మాతో కలిసి తినండి అంటున్నాడు.

హెల్గాకు ఇదంతా వివరించాను. "అలాంటి ఏర్పాటు మా దగ్గర లేదు," అంది. "వచ్చే ఏడు ఈ డబ్బు ఇంకో ఖండానికి వెళ్ళిపోతుంది."

నాకు ఒళ్ళు మండింది. ఈ చెట్లన్నీ ఏమిటి మరి? వీళ్ళ పొగకు వీళ్ళు కడుతున్న దండుగ కాదా? వీళ్ళ తప్పుకు దండుగ ఉంటుంది, అది కూడా వేరేవాళ్ళ నేల మీద, వేరేవాళ్ళు కావడి మోసి పెంచితే చెల్లిపోతుంది. చుట్టాలకు నీడ కోసం ఒక వరుస చెట్లు కొట్టిన ఊరికి మాత్రం దండుగ కట్టే దారి కూడా లేదు. ఇంత మాటా ఆవిడతో అనేశాను. ఆవిడ కాదనలేదు. "నిజమే," అంది. దేశాలన్నీ కూర్చుని మాట్లాడుకుంటే ఏదో జరుగుతుందని నాకు అంతవరకు కొంచెం నమ్మకం ఉండేది. ఆ 'నిజమే' దగ్గర పోయింది. తెలిసినవాళ్ళకు కూడా చేతిలో ఏమీ లేదని అర్థమయ్యాక ఇంకెవరి మీద ఆశ పెట్టుకోవాలి?

దండుగ లేదన్న మాట పటేల్‌కు చెబితే, ఆయనకు కట్ట పోవడం కంటే అదే పెద్ద దెబ్బ అయింది.

"తప్పుకు దండుగ లేకుంటె ఎట్ల బాయి? మనిషి మల్ల నలుగుర్ల ఎట్ల కూసుంటడు?"

ఇంటికి వచ్చాక కూడా ఆ ప్రశ్న గురించి ఎన్నోసార్లు ఆలోచించాను. ఇప్పటికీ తెలియదు.

సాయంత్రం పటేల్ ఊరివాళ్ళను పిలిచి గోండీలో చెప్పాడు. నాకు ఒక్క ముక్క అర్థం కాలేదు. అర్థం కావాల్సిన అవసరం కూడా లేదు. పొద్దున కాళ్ళు కడిగిన ముసలామె గట్టిగా ఏదో అడిగింది. పటేల్ తల అడ్డంగా ఊపాడు. అయినా మాకు అన్నం పెట్టడం మానలేదు. మధ్యాహ్నం ఎంత ఆప్యాయంగా వడ్డించారో మాపు కూడా అంతే. యాన్ కోసం వేరుగా చింతపులుసు కాచారు. అతను రెండు ముద్దలు తిని బయటికి వెళ్ళిపోయాడు.

వాగు దాకా

పొద్దున్నే బయలుదేరాం. చుట్టాలను పొలిమేర దాకా సాగనంపడం వాళ్ళ పద్ధతి. మర్కగూడ పొలిమేర వాగు. జంగు పటేల్ ఒక్కడే వచ్చాడు. జీపు ఎక్కమంటే ఎక్కలేదు, చుట్టాలను నడిచి సాగనంపాలన్నాడు. దాంతో మేమూ దిగి ఆయన వెంట నడిచాం, ఖాజా భాయి బండిని వెనకాల మెల్లగా తోలుకొచ్చాడు. పటేల్ భుజాన గొడ్డలి ఉంది. ఆ వైపు మగవాళ్ళు ఎక్కడికి పోయినా భుజాన గొడ్డలి వేసుకునే పోతారు కాబట్టి నేనేమీ అనుకోలేదు.

వాగులో నీళ్ళు లేవు. కట్ట ఎక్కడ రావాలో గుర్తుగా రాజేశం మనుషులు పాతిన సున్నపు రాళ్ళు రెండు గట్ల మీదా ఉన్నాయి. రాజేశం వాటి వైపు చూడకుండా ముందే పోయి జీపులో కూర్చున్నాడు.

పటేల్ ఒక్కొక్కరికీ చేతులెత్తి రామ్ రామ్ చెప్పాడు. యాన్‌కు కూడా చెప్పాడు. యాన్ వంగి ఆయన రెండు చేతులూ పట్టుకున్నాడు.

"బాయీ, మల్ల రాండ్రి," అన్నాడు పటేల్ నాతో. "మీరేం తప్పు చెయ్యలే. ఎప్పుడొచ్చినా గట్క ఉంటది."

మా ఊళ్ళో అయితే ఇంత జరిగాక చుట్టాన్ని తలుపు దాకా కూడా సాగనంపం. తిట్టకుండా పంపితే అదే గొప్ప. ఈ మనిషి నన్ను ఓదారుస్తున్నాడు. నాకు ఏడుపొచ్చింది, దాచుకోలేదు.

అప్పుడే గుట్ట మీద నుంచి చప్పుడు మొదలైంది. ముందు ఒక గొడ్డలి, కాసేపటికి రెండు, మూడు. మధ్యలో సోము గొంతు, ఎవరినో పిలుస్తున్నాడు. పటేల్ అటు చూడలేదు. చెప్పాల్సినవాళ్ళందరికీ రామ్ రామ్ చెప్పడం అయ్యాక, తలపాగా బిగించి కట్టుకుని వెనక్కి తిరిగాడు. ఊరు కుడి పక్కన ఉంది. ఆయన ఎడమకు తిరిగి గుట్ట దారి పట్టాడు.

"ఊరు అటు కదా? ఆయన ఎక్కడికి వెళుతున్నాడు?" అంది హెల్గా.

"పొలానికి," అన్నాను.

"ఆ గుట్ట మీద పొలం ఎక్కడుంది?"

"ఇంకా లేదు. ఇప్పుడు అడవి నరుకుతారు. ఎండలు ముదిరాక కాలబెడతారు. వానలకు జొన్నలు వేస్తారు."

ఆవిడ నాలుగు అడుగులు గుట్ట వైపు వేసి ఆగింది.

"ఆపమని పిలవనా? నా గొంతు వినబడుతుంది," అన్నాను.

హెల్గా ఆయన్నే చూస్తూ నిలబడింది. గొడ్డళ్ళ చప్పుడు ఎక్కువైంది.

"ఏమిస్తామని ఆపమంటావు?" అంది.

పటేల్ అప్పటికే సగం గుట్ట ఎక్కేశాడు.